నిద్ర లేపిన రోడ్డు

మినియాపోలిస్‌లో కోడ్ రాసుకునే నేను ఓ వీకెండ్ ఒటర్ టెయిల్ కౌంటీకి వెళ్లా. వెయ్యికి పైగా సరస్సులున్న పల్లె ప్రాంతం అది. రోజంతా తిరిగి, చీకటి పడ్డాక వెనక్కి బయల్దేరా. రెండు వైపులా మొక్కజొన్న చేలు, ఎదురుగా ఒక్క బండి లేదు. ఎప్పుడు కన్ను మూతపడిందో తెలీదు. ఒక్కసారిగా కారు కింద 'గర్‌ర్‌ర్' మని మోత! ఉలిక్కిపడి స్టీరింగ్ తిప్పా. రోడ్డు అంచున గాళ్లుగా కోసిన రంబుల్ స్ట్రిప్స్ అవి. కారు ఆపినా చేతుల వణుకు ఆగలేదు.

తర్వాత చదివితే తెలిసింది. మిన్నెసోటాలో 87 కౌంటీలకూ రోడ్ సేఫ్టీ ప్లాన్లు తయారుచేశారట. అమెరికా జనంలో పల్లెల్లో ఉండేది ఐదో వంతే. రోడ్డు మరణాల్లో మాత్రం దాదాపు 40 శాతం అక్కడే. పల్లె రోడ్ల మీద ప్రమాదాలు ఒకేచోట జరగవు. ఈ ఏడాది ఈ మలుపైతే, వచ్చే ఏడాది ఇంకోటి. అందుకే జరిగిన చోటే కాదు, జరిగే వీలున్న మలుపులన్నీ ముందే లెక్కగడతారు. పెట్టేవి కూడా చిన్నవే: వెడల్పాటి అంచు గీత, మలుపులో బాణం బోర్డులు, రంబుల్ స్ట్రిప్స్. మా భాషలో, క్రాష్ కాకముందే బగ్ పట్టడం!

మా ఊరి కల్వర్టు మలుపులో గీతా లేదు, బోర్డూ లేదు. నా ఇంటర్ ఫ్రెండ్ బైక్ అక్కడే కాలవలో పడింది. వాణ్ని లేపడానికి అక్కడ ఏ మోతా లేదు.

మర్నాడు నాన్నకి ఫోన్ చేశా. "నాన్నా, ఆ మలుపు ఫొటోలు తీసి పంపు. అర్జీ నేను రాస్తా."