మొదటిసారి కౌన్సెలింగ్‌కి వెళ్తున్నవారికి



నిద్ర పట్టకపోవడం గురించి పోయిన నెల రాసిన దానికి మీ నుంచి చాలా ఉత్తరాలు వచ్చాయి. తీరా చూస్తే ఎక్కువమంది అడిగింది నిద్ర గురించి కాదు. "సైకాలజిస్టు దగ్గరికి వెళ్దామనుకుంటున్నాను, అక్కడ ఏం చేస్తారో తెలియక ఆగిపోతున్నాను" అని. నాన్న చనిపోయిన ఏడాది నేనూ వెళ్లాను. అందుకని ఈసారి ఆ గదిలో ఏం జరుగుతుందో చెప్తాను.

ముందు ఎవరి దగ్గరికి వెళ్లాలో చూద్దాం. సైకియాట్రిస్టు అంటే ఎంబీబీఎస్ చేసి ఆపైన మానసిక వైద్యం చదివిన డాక్టరు. మందులు రాసేది ఆయనే. క్లినికల్ సైకాలజిస్టు మందులు రాయరు, మాటలతోనే చికిత్స చేస్తారు. వాళ్లకి రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాలో రిజిస్ట్రేషన్ ఉండాలి. ఆ నంబరు అడగడానికి మొహమాటపడకండి. కౌన్సెలర్ అనే బోర్డు రకరకాల చదువులవాళ్లు పెడుతున్నారు. ఏం చదివారు, ఎక్కడ శిక్షణ తీసుకున్నారు అని అక్కడ ఇంకా గట్టిగా అడగాలి. ఫీజు ఎంతో, చివరి నిమిషంలో రాలేకపోతే ఏం చేస్తారో ఫోన్లోనే కనుక్కోండి.

మొదటి రోజు దాదాపు అంతా ప్రశ్నలే. నిద్ర ఎలా ఉంది, ఆకలి ఉందా, థైరాయిడ్ పరీక్ష చేయించుకున్నారా, ఏమైనా మందులు వాడుతున్నారా, మందు సిగరెట్ల అలవాటు ఉందా, ఇంట్లో ఇంకెవరికైనా ఇలా ఉండేదా. మనసు బాగోలేదని వెళ్తే థైరాయిడ్ గురించి అడుగుతారేమిటని నాకూ అనిపించింది. థైరాయిడ్ తగ్గినా నీరసం, దిగులు, ఏ పని మీదా మనసు నిలవకపోవడం ఉంటాయి. ఆ సంగతి ముందు తేల్చుకోవడం మంచి సైకాలజిస్టు లక్షణం. మీరు డిప్రెషన్, యాంగ్జైటీ లాంటి మాటలు బట్టీపట్టి వెళ్లనక్కర్లేదు. "పొద్దున లేవగానే గుండె దడ, కడుపులో తిప్పినట్టుంటుంది, కూర మాడిపోతున్నా పొయ్యి ముందే అలా నిలబడిపోతున్నాను" అంటే చాలు, వాళ్లకి కావలసింది అదే.

ఒక ప్రశ్న మాత్రం వినగానే ఉలిక్కిపడతారు. "చచ్చిపోవాలని ఎప్పుడైనా అనిపించిందా?" అని సూటిగా అడుగుతారు. మీ మొహంలో ఏదో కనిపించి అడిగారనుకోకండి, వచ్చిన ప్రతి ఒక్కరినీ అడగాల్సిన ప్రశ్న అది. అలా అడిగితే లేని ఆలోచన పుట్టుకొస్తుందని మన ఇళ్లలో భయపడతారు. పరిశోధనలు అలా జరగదనే చెప్తున్నాయి, చాలామందికి ఆ ప్రశ్న వినగానే ఊపిరి తిరిగినట్టవుతుంది కూడా. అనిపించి ఉంటే అనిపించిందనే చెప్పండి. పోలీసు కేసు అవుతుందేమోనన్న భయంతో దాచుకోకండి. ఆత్మహత్యకి ప్రయత్నించిన మనిషిని సైతం తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టే చూడాలి తప్ప శిక్షించకూడదని 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం అంటోంది.

ఇక మనవాళ్ల అసలు భయం, నలుగురికీ తెలిస్తే ఎలా అని. పెళ్లి కావలసిన పిల్లలున్న ఇంట్లో ఈ భయం మరీ ఎక్కువ. మీ వివరాలు గోప్యంగా ఉంచాలని అదే చట్టం చెప్తోంది. దానికి మినహాయింపులున్నాయి: మీ ప్రాణానికో ఇంకొకరి ప్రాణానికో ముప్పు ఉన్నప్పుడు, చిన్నపిల్లల మీద లైంగిక అఘాయిత్యం జరుగుతోందని తెలిసినప్పుడు, కోర్టు అడిగినప్పుడు. మంచివాళ్లు వీటిని మొదటి పది నిమిషాల్లోనే చెప్పేస్తారు. చెప్పకపోతే మీరే అడగండి.

ఇంట్లోవాళ్లు తోడు వస్తే ఇంకో చిక్కు. నేను బయట బెంచీ మీద కూర్చుని ఉన్నప్పుడు, ఇరవై ఏళ్లుంటాయేమో, ఒకబ్బాయి వాళ్లమ్మతో వచ్చాడు. ఫారం రాసేటప్పుడు రిసెప్షన్లో ఏది అడిగినా ఆవిడే జవాబు చెప్తోంది. "వాడికేం లేదమ్మా, ఫోను ఎక్కువ చూస్తాడు, అంతే." ఆ అబ్బాయి చెప్పుల వంక చూస్తున్నాడు. లోపలికి పిలిచాక సైకాలజిస్టు గారు ఆవిడని నెమ్మదిగా, "అమ్మా, మీతో తర్వాత మాట్లాడతాను, కాసేపు బయట కూర్చుంటారా" అన్నారు. ఆవిడ మొహం చిన్నబోయింది. నాకు ఆవిడ మీద కోపం రాలేదు, ఆ భయం ఎలాంటిదో నాకు తెలుసు. కానీ పిల్లలని తీసుకెళ్లే అమ్మానాన్నలకి చేతులు జోడించి చెప్తున్నాను, ఆ కాసేపూ బయట కూర్చోండి.

సుమారు 45 నిమిషాలు గడిచాక "ఈ రోజుకి ఇక్కడ ఆపుదాం" అంటారు. చాలామంది నిరుత్సాహపడేది ఇక్కడే. అంతా చెప్పుకున్నాం, ఏం చేయాలో ఒక్క ముక్క చెప్పలేదే అనిపిస్తుంది. పెద్దవాళ్ల దగ్గరికి వెళ్తే ఏదో ఒక సలహా చేతిలో పెట్టి పంపడం మనకి అలవాటు. ఇక్కడ మొదటి రోజే సలహా ఇచ్చేస్తే, మీ మాట పూర్తిగా విననట్టే. ఆలోచనల తీరు మార్చే కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీ మామూలుగా వారానికోసారి చొప్పున 12 నుంచి 20 సార్లు సాగుతుంది. అందులో ఇంటిపని కూడా ఇస్తారు. ఉదాహరణకి, ఆఫీసులో పలకరిస్తే ఎవరో పలకలేదనుకోండి. అప్పుడు మనసులో మెదిలిన మాటేమిటి, అది నిజమనడానికి ఆధారమేమిటి, కాదనడానికి ఏముంది అని కాగితం మీద రాయాలి. ఆ పని చేయకుండా వెళ్లి కూర్చుంటే పెద్దగా లాభం ఉండదు.

ఇంటికొచ్చాక ఆ రోజు ఒళ్లంతా పిండేసినట్టుంటుంది. రాత్రికి "ఎక్కువ చెప్పేశానేమో" అన్న దిగులు కూడా పట్టుకోవచ్చు. మర్నాటికో ఎల్లుండికో సర్దుకుంటుంది. వీలైతే ఆ సాయంత్రం వేరే పనులు పెట్టుకోకండి.

మూడు నాలుగుసార్లు వెళ్లాక కూడా మనసు విప్పి మాట్లాడలేకపోతుంటే, ఆ మాటే వాళ్లతో అనండి. అప్పటికీ కుదరకపోతే మారండి, అందులో తప్పేం లేదు. ఏ పద్ధతి వాడారన్నదానితో పాటు ఇద్దరి మధ్య నమ్మకం ఎంత కుదిరిందన్నది కూడా ఫలితాన్ని నిర్ణయిస్తుంది. పది రోజుల్లో పూర్తిగా నయం చేస్తామని మాట ఇచ్చేవాళ్లు, మీ కులమో మతమో పట్టుకుని నీతులు చెప్పేవాళ్లు, వేరే పేషెంట్ల కథలు గుర్తుపట్టేలా చెప్పేవాళ్లు, మీకు చెప్పకుండా మీ ఇంటికి ఫోన్ చేసేవాళ్లు తగిలితే రెండోసారి వెళ్లకండి.

డబ్బు సంగతి. ప్రైవేటులో నెలనెలా భరించడం అందరికీ సాధ్యం కాదు, ఆ ఇబ్బంది నిజమే. ప్రభుత్వ బోధనాసుపత్రుల్లో సైకియాట్రీ ఓపీ ఉంటుంది. హైదరాబాద్‌లోని ఎర్రగడ్డలో, విశాఖలో ప్రభుత్వ మానసిక వైద్యశాలలు ఉన్నాయి. ఎర్రగడ్డ పేరు తిట్టుగా వాడటం మనం మానుకోవాలి. అక్కడికి వెళ్తే బతుకు మళ్లీ దారిన పడేవాళ్లు, ఆ తిట్టుకి జడిసే ఇంట్లో ఉండిపోతున్నారు. ఎక్కడికీ కదల్లేని స్థితిలో ఉంటే 14416కి ఫోన్ చేయండి. అది 2022లో కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టిన టెలీ మానస్. డబ్బు కట్టక్కర్లేదు, రాత్రీ పగలూ పనిచేస్తుంది, తెలుగులోనే మాట్లాడొచ్చు.

తిరిగొచ్చాక ఇంట్లో "డాక్టరు ఏమన్నారు?" అని అందరూ చుట్టూ చేరతారు. అంతా విప్పి చెప్పాలని లేదు. "మళ్లీ వచ్చే బుధవారం రమ్మన్నారు" అంటే సరిపోతుంది.

మందుల గురించి అడిగినవాళ్లకి వచ్చే నెల రాస్తాను. ఈలోగా డాక్టరు రాసిన మందులు వాడుతున్నవాళ్లు వాటిని ఉన్నట్టుండి ఆపేయకండి, ఏ అనుమానం ఉన్నా రాసిన డాక్టరునే అడగండి.

ప్రేమతో,
మీ ఉత్తరాల కోసం చూసే
మీ నేస్తం