మంద వెంట ఖానాపూర్

నిర్మల్‌లో బస్సెక్కి మామడ దాటితే రోడ్డు అడవి అంచు పట్టుకుంటుంది. ఖానాపూర్ దగ్గరపడే కొద్దీ ఒకపక్క టేకు చెట్లు, మరోపక్క వరి మళ్లు. 2016 దాకా ఆదిలాబాద్ జిల్లాలో ఉన్న ఈ ఊరు ఇప్పుడు నిర్మల్ జిల్లాది. వచ్చినవాళ్లు చాలామంది కడెం ప్రాజెక్టు గేట్లు చూసి, జన్నారం అడవి వైపు వెళ్లిపోతారు. ఈ రెండింటి నడుమ పసుల బతుకొకటి ఉంది. నేను చూడాలనుకున్నది దాన్నే.

మొదట సదర్మాట్ ఆనకట్టకు వెళ్లాను. నిజాం కాలంలో, 1891-92లో గోదావరికి అడ్డంగా కట్టిన రాతిగోడ అది. 2018లో దానికి అంతర్జాతీయ వారసత్వ గుర్తింపు దక్కింది. దాని కాలువ కింద వరి పండుతుంది, కోతలయ్యాక ఆ గడ్డే వాములకెక్కుతుంది. ఎండాకాలం కొట్టంలో పసులు నెమరేసేది ఆ గడ్డినే.

పొద్దుగూకే వేళ అడవి పక్క ఊళ్లో మంద ఎదురైంది. ముందు దుమ్ము, తర్వాత మెడగంటలు, ఆ వెనక ఆవులు. ఎవరూ అదిలించకుండానే ఒక్కో ఆవు తన వాకిలి దగ్గర మంద నుంచి విడిపోతోంది. లోపల కట్టేసిన లేగ అప్పటికే పలుపు తెంపుకునేలా గుంజుతోంది.

"మందంతా మీదేనా తాతా?"

"సగం మావి, సగం ఊరోళ్లయి బిడ్డా. పొద్దుగాల తోల్కపోతం, పొద్దుగూకంగ మలుపుకొస్తం."

"పులి భయం లేదా?"

"పులి దిక్కు మేం పోం. లోపట్కి పోతే ఫారెస్టోళ్లు సుత ఊకోరు."

ఈ కవ్వాల్ అడవి 2012లో పులుల అభయారణ్యమైంది. తాతలనాటి మేత దారులు కొన్ని అక్కడితో ఆగిపోయాయి. కడెం మండలంలోని మైసంపేట, రాంపూర్ ఊళ్లనే అడవి నడుమ నుంచి బయటికి తరలించారు. పులి బతకాలి, మందా బతకాలి. ఆ పంపకం ఇంకా తెగలేదు.

గొర్ల కాపరుల లెక్క వేరు. కోతలయిన చేలో రాత్రికి మంద పెడతారు. తెల్లారేసరికి చేనంతా ఎరువు. అందుకు రైతు గింజలో, పైసలో ఇస్తాడు. ఎరువుల బస్తా ధర పెరిగినప్పుడల్లా ఈ పాత బేరం మళ్లీ గుర్తొస్తుంది.

రావాలనుకుంటే శ్రావణ మాసం చివర పొలాల అమావాస్యకు రండి. ఆ రోజు ఎడ్ల మెడ మీద కాడి పెట్టరు. కడిగి, కొమ్ములకు రంగులేసి, హనుమంతుని గుడి చుట్టూ తిప్పి, ఇంట్లో చేసిన తీపి మొదట వాటికే పెడతారు. అయితే అది వానకాలం. వాగులు పొంగితే దారులు తెగుతాయి, ముందే కనుక్కొని బయల్దేరండి. రోడ్డు మీద మంద అడ్డొస్తే హారన్ కొట్టకండి, లేగలు బెదిరి చెల్లాచెదురవుతాయి. ఇంజన్ ఆపి దారివ్వండి.