పలకమీది పేరు

మా పెద్దదోర్నాల నల్లమల అంచున నున్న ఊరు. శ్రీశైలమునకు పోవు ఘాటుదారి అచ్చటనుండియే మొదలగును. అడవియు, కొండయు, యాత్రికుల బండ్లును మాకు తెలిసినంతగా సముద్రము తెలియదు. అలలు ఎట్లుండునో చిన్ననాడు నేను పుస్తకములలోని బొమ్మలు చూచి ఊహించుకొంటిని. అయినను ఒక ఓడ పేరు మాత్రము నాకు అక్షరములు రాకపూర్వమే తెలియును. దాని పేరు ఎండెన్. మా అవ్వ దానిని “యముడి ఓడ” అనెడిది.

1914వ సంవత్సరమున మా అవ్వకు తొమ్మిదేండ్లు. ఆ కాలమున మా మార్కాపురము తాలూకా కర్నూలు జిల్లాలోనిది. ఆ జిల్లా మదరాసు రాజధానిలోనిది. వానలు లేక పొలములు ఎండగా, మా ముత్తాత, అనగా అవ్వ తండ్రి, మా వీధివాడే యగు ఒక పడుచువానిని వెంటబెట్టుకొని మదరాసునకు పోయి, రేవులో మూటలు మోయు కూలికి కుదిరెను.

ఆ యేడు సెప్టెంబరు 22వ తేదీ రాత్రి సుమారు తొమ్మిదిన్నర గంటలకు వారిద్దరును గంజి త్రాగి పండుకొనబోవుచుండిరి. సముద్రముమీదినుండి కన్నులు జిగేలుమనునట్లు ఒక వెలుగు రేవుపై పడెను. వెంటనే పిడుగులవంటి మ్రోతలు వినవచ్చెను. బర్మా ఆయిల్ కంపెనీవారి చమురు ట్యాంకులు అంటుకొని ఆకాశమంతయు ఎఱ్ఱబారెను. ఆ రాత్రి సుమారు 125 గుండ్లు ప్రేలినవి. రేవులోనున్న చుప్రా యను వర్తకపు ఓడమీదను కొన్ని పడినవి. కనీసము ఐదుగురు మరణించిరి. ఎండెన్ దీపములార్పుకొని చీకటిలో కలిసిపోయెను.

ఓడ పోయినది గాని భయము పోలేదు. మఱునాటినుండి వేలకొలది జనులు పట్టణము విడిచి పరుగెత్తసాగిరి. రైలు స్టేషనులో ఇసుక వేసిన రాలని గుంపు. మా ముత్తాత తోడివాని చేయి పట్టుకొనియే యుండెను. ఒక త్రోపులో ఆ చేయి జారిపోయెను. ఆయన రైలులో పడెను, తోడివాడు పడలేదు. మార్కాపురమున రైలు దిగి, ఆయన కాలినడకన ఒంటరిగా ఊరు చేరెను.

“వాళ్ళమ్మ రోజూ శ్రీశైలం దోవలో కూచోనుండేది నాయనా. వచ్చే యాత్రికులనూ, పోయే యాత్రికులనూ అడిగేది, మీది మదరాసు పక్కనా, మా పిల్లోడు యాడన్నా కనపడినాడా అని. ఆమె పోయేదాకా అడుగుతానే ఉండింది” అని అవ్వ చెప్పెను.

ఆ మాట విన్ననాడు నాకు పదేండ్లు. “అవ్వా, వాని పేరేమి?” అని అడిగితిని. అవ్వ చెప్పినది. నేను నా మార్కాపురపు పలకమీద, పైన ‘ఎండెన్’ అనియు, దాని క్రింద ఆ పేరును వ్రాసుకొంటిని. మఱునాడు బడిలో మాష్టారు లెక్కలు చెప్పిరి. పలక తడిబట్టతో తుడిచి, కూడికలు వ్రాసితిని.

ఆ పేరు మరల నేను అడుగలేదు. అడుగవలెనని తోచునప్పటికి అవ్వ లేదు.

పెద్దవాడనైన పిమ్మట ఒకసారి మదరాసునకు పోయితిని. హైకోర్టు ప్రాకారము నొద్ద ఎండెన్ గుండు తగిలిన చోటును తెలుపు ఫలకమొకటి కలదు. దాని ముందు నిలిచినప్పుడు నాకు ఆ ఓడమీద బాల్యమునాటి కోపము తిరిగి వచ్చినది. దానిని నడిపినవారెవరు? వారేమైరి? ఆ సంగతి తెలిసికొనవలెనని నిశ్చయించుకొని, దొరికిన పుస్తకములన్నియు వెదకితిని.

ఎండెన్ 1908లో డాన్జిగ్ రేవున సముద్రములోనికి దిగిన యుద్ధనౌక. దాని నాయకుడు కార్ల్ ఫాన్ ముల్లర్. యుద్ధము మొదలు కాగానే అది ఒంటరిగా హిందూ మహాసముద్రమునకు వచ్చినది. దానికి మూడు పొగగొట్టములే యుండగా, నాలుగవది ఒకటి బూటకముగా నిలిపి, ఇంగ్లీషువారి ఓడయని భ్రమ కలిగించిరి. అట్లు బంగాళాఖాతములో ఎన్నో వర్తకపు ఓడలను పట్టి ముంచిరి. కాని నేనెదురుచూడని సంగతి యొకటి కనబడినది. ఓడను ముంచుటకు ముందు అందలి మనుష్యులను దింపి కాపాడుట ముల్లర్ నియమము. కబింగా యను ఓడను పట్టినప్పుడు అందులో దాని కప్తాను భార్యయు, బిడ్డయు నుండిరి. ముల్లర్ ఆ ఓడను ముంచక, తాను పట్టిన ఇతర నౌకలవారినందఱను దానిలో నెక్కించి పంపివేసెను. పెనాంగు రేవు దగ్గఱ ఫ్రెంచివారి నౌకను ముంచినప్పుడు, నీటిలో కొట్టుకొనుచున్న శత్రువులను ఎండెన్ వారే పైకి లాగిరి.

యముని కింకరులని నేను తలచినవారు మనవంటి మనుష్యులే యని అప్పుడు తెలిసినది. అంతమాత్రమున మదరాసులో చచ్చినవారు బ్రతికి రాలేదు. శ్రీశైలపు దారిలో కూర్చున్న ఆ తల్లి నిరీక్షణయు తీరలేదు. రెండును నిజములే. ఒకదానికొఱకు రెండవదానిని మఱచుట న్యాయము కాదు.

1914 నవంబరు 9వ తేదీన కోకోస్ దీవుల నొద్ద సిడ్నీ యను ఆస్ట్రేలియా యుద్ధనౌక ఎండెన్‌ను ఎదుర్కొనెను. సిడ్నీ ఫిరంగులు పెద్దవి. ఎండెన్ ఛిద్రమైనది. మునిగిపోకుండ ముల్లర్ దానిని ఉత్తర కీలింగ్ దీవి యొడ్డున పగడపు దిబ్బలపైకెక్కించెను. 130 మందికి పైగా మృతులైరి. ఆ మృతుల లెక్కలో సైనికులతోపాటు ఒక వంటవాడు, ఒక మంగలి, బట్టలుదుకు ముగ్గురు చీనావారు నుండిరి. ఆ చీనా చాకలివారికి జర్మనీతో నేమి? ఇంగ్లండుతో నేమి? పొట్టకూటికై ఓడనెక్కినవారు. ఆ వరుస చదువుచుండగా నాకు మూటలు మోయుటకై మదరాసు పోయిన మా ఊరివారు జ్ఞప్తికి వచ్చిరి.

బ్రతికినవారిని సిడ్నీ కొలంబోకు తీసికొనిపోయెను. గెలిచిన ఓడ రేవులోనికి వచ్చునప్పుడు జయజయధ్వానములు చేయుట ఆచారము. ‘మా ఓడలో గాయపడిన శత్రువులున్నారు, ఎవరును కేకలు వేయవలదు’ అని సిడ్నీ కప్తాను గ్లాసప్ ముందుగానే కోరెను. ఆ ఓడ నిశ్శబ్దముగా రేవు చేరెను. గెలిచినవాని మౌనములో నింత గౌరవముండునని నేను అంతకుముందెఱుగను.

యుద్ధమునాటికి దీవిమీద దిగియుండిన మఱి యేబదిమంది కథ వేఱు. హెల్‌ముత్ ఫాన్ ముక్కె యను అధికారి వారిని అయేషా యను పాత తెరచాప ఓడలో నెక్కించి, సముద్రములు దాటి, అరేబియా ఎడారిలో కొందఱిని పోగొట్టుకొని, 1915 మే నెలలో కాన్‌స్టాంటినోపుల్ చేర్చెను. ఆయన తన ప్రయాణమును పుస్తకముగా వ్రాసెను. చమురు ట్యాంకులు కాల్చిన ఆ కప్తాను ముల్లర్ ఖైదునుండి విడుదలయై, 1923లో స్వదేశమున మరణించెను.

ఈ వెదకులాటలో మఱియొక పాఠమును నేర్చుకొంటిని. మన దేశభక్తుడు చెంపకరామన్ పిళ్ళె ఎండెన్ నౌకపై మదరాసునకు వచ్చెనని దక్షిణమున చాలమంది చెప్పుకొందురు. వినుటకు ఇంపుగానే యుండును. కాని ఆ దినములలో ఆయన ఐరోపాలో నుండెను. ఇష్టమైనవారిని జాబితాలో చేర్చుటయు, అక్కఱలేనివారిని జాబితానుండి జారవిడుచుటయు, రెండును సత్యమునకు అపచారములే.

అన్నిటికంటె నన్ను కదలించిన సంగతి యిది. యుద్ధానంతరము ఎండెన్ నౌకలో బ్రతికియున్నవారికి తమ యింటిపేరు చివర ‘ఎండెన్’ అను మాటను చేర్చుకొను హక్కును ప్రభుత్వము ప్రసాదించెను. ఆ పేరు వారి బిడ్డలకును, వారి బిడ్డలకును సంక్రమించును. ఓడ యినుమును 1950వ దశకమున చాలవఱకు విడదీసి కొనిపోయిరి. కాని మనుమల సంతకములలో నేటికిని ఆ ఓడ తేలుచున్నది.

ఆ వాక్యము చదివి నేను పుస్తకము మూసితిని. ఎక్కడి జర్మనీ! ఎక్కడి కోకోస్ దీవులు! అంత దూరపు నావికుల పేర్లు నేను చదువగలిగితిని. మా వీధివాడు, మా ముత్తాత చేయి పట్టుకొని నడచినవాడు, వాని పేరు నేను చెప్పలేను. దానిని చంపినది ఎండెన్ గుండు కాదు. నా చేతి తడిబట్ట.

ఊరికి పోయి ముసలివారినందఱను అడిగితిని. ఒకరు ఆ తల్లిని గూర్చి తమ పెద్దలవలన వింటిమనిరి. ఒకరు ఆమె కూర్చుండిన చెట్టు ఫలానాది యని చూపిరి. పేరు మాత్రము ఎవరి నోటను రాలేదు. ఆమెకు వేఱు బిడ్డలు లేరు. కనుక ఆ పేరు పెట్టుకొన్న మనుమడును లేడు.

తెలిసినంత వఱకు ఇచ్చట వ్రాసితిని. ఒక కఱవు సంవత్సరమున పెద్దదోర్నాలనుండి ఒక యువకుడు కూలికై మదరాసు పోయెను. 1914 సెప్టెంబరులో గుంపులో తప్పిపోయెను. వాని తల్లి బ్రతికినంతకాలము వానికొఱకు అడిగెను. ఎండెన్ కథ చెప్పువారు ఈ మూడు ముక్కలు కూడ చెప్పవలెనని నా కోరిక.

బాలబాలికలారా! మీ యిండ్లలోను అవ్వలు, తాతలు నుందురు. వారు ఏ సాయంకాలమో మాటలలో ఒక పేరు పలుకుదురు. అది రాజు పేరు గాకపోవచ్చును, పుస్తకములలోనిదియు గాకపోవచ్చును. పలక లెక్కలకు మంచిది. ఆ పేరు మాత్రము కాగితముమీద వ్రాసి, క్రింద తేదీ వేసి, భద్రపఱచుడు.