లారీకి రెండు బ్యాటరీలెందుకు?

మా ఇంట్లో లారీ కూడా ఒక మనిషి కిందే లెక్క. మా ఆయనా, మరిదీ కలిసి తిప్పుతారు. విజయనగరం నుంచి సాలూరు మీదుగా ఘాటెక్కి ఒడిశాకి, ఒక్కోసారి రాయపూర్ దాకా వెళ్తుంది. ఖర్చులు రాసేది నేను. అందుకే పప్పూ ఉప్పూ పక్కనే డీజిలూ టైర్లూ నా పుస్తకంలో ఉంటాయి.

మొన్న చలికాలంలో రెండు బ్యాటరీల్లో ఒకటి పోయింది. "పోయింది ఒకటే కదా వదినా, ఒకటే కొందాం" అన్నాడు మరిది. రెండూ మార్చాలన్నారు మా ఆయన. ఉన్నది పాప కాలేజీ ఫీజుకి దాచిన చీటీ డబ్బు. అందులోంచి తీసే ముందు, అసలు రెండెందుకో చెప్పమన్నాను.

పెట్రోలు ఇంజనులో నిప్పురవ్వ పుట్టించే ప్లగ్గు ఉంటుంది. డీజిలు ఇంజనులో అది ఉండదు. గాలిని బాగా నొక్కితే వేడెక్కి, ఆ వేడికే డీజిలు అంటుకుంటుంది. అంత గట్టి ఇంజనుని మొదట తిప్పడానికి చాలా బలం కావాలి. అందుకే 12 వోల్టుల బ్యాటరీలు రెండు వరసగా కలిపి 24 వోల్టులు చేస్తారు. వోల్టులు రెట్టింపైతే అంతే బలానికి సగం కరెంటు చాలు. చలికి ఆయిలు చిక్కబడుతుంది, బ్యాటరీ బలమూ తగ్గుతుంది. అందుకే దాని నీరసం చలికాలం తెల్లవారుజామునే బయటపడుతుంది.

రెండింట్లోంచీ ఒకే కరెంటు పోతుంది. పాతదాని పక్కన కొత్తది పెడితే, పాతది ముందు ఖాళీ అవుతుంది, చార్జింగులో ముందే నిండి మరుగుతుంది. కొత్తది పూర్తిగా నిండదు. చివరికి రెండూ పాడవుతాయి. కాబట్టి మారిస్తే జతే మార్చాలి.

మరి ఒకేరోజు కొన్నవాటిలో ఒకటే ఎందుకు పోయింది? పాటల పెట్టె, ఫోను చార్జరు 12 వోల్టులవి. వాటి తీగలు ఒక్క బ్యాటరీకే తగిలించారు. బండి లాగడం ఇద్దరిదీ, చిల్లర పనులన్నీ ఒకదానివే. "అయితే అది పెద్దకోడలన్నమాట" అని నవ్వారు మా అత్తగారు.

రెండూ కొన్నాం. పాతవి ఇస్తే షాపులో కొంత తగ్గించారు. పాటల పెట్టెకి 24ని 12కి తగ్గించే కన్వర్టరు పెట్టించాం. ఫీజులో పడ్డ లోటు వచ్చే రెండు ట్రిప్పుల్లో పూడ్చాలని మరిదితో ఖాయం చేసుకున్నాను.

బండి ఇంటికొచ్చినప్పుడు చూడాల్సినవి ఇవీ. నీళ్లు గీత కిందకి దిగితే డిస్టిల్డ్ వాటరే పొయ్యాలి, కుళాయి నీళ్లు కాదు. టెర్మినళ్ల మీద తెల్లటి పొడి పేరుకుంటే, మూతలు బిగించి, వంటసోడా కలిపిన నీళ్లతో కడిగి తుడిచి, వేజలిన్ రాయాలి. విప్పేటప్పుడు ముందు నెగెటివ్, బిగించేటప్పుడు చివర నెగెటివ్. బ్యాటరీ నుంచి మండే గ్యాసు వస్తుంది, దగ్గర్లో బీడీ వెలిగించకూడదు. మన ఇన్వర్టరు బ్యాటరీకీ ఇవన్నీ పనికొస్తాయి.

కొన్న తేదీ, గ్యారంటీ కార్డు నా పుస్తకంలో ఉన్నాయి. ఫీజు గడువు పక్క పేజీలోనే ఉంది.