పాత కంప్యూటరుకు కొత్త కార్డా?

కోస్గిలోని మా ఇంటి కంప్యూటరును 2017లో ఆటల కోసమే కట్టించాను: ఐ5-7400 ప్రాసెసరు, 8 జీబీ ర్యాము, జీటీఎక్స్ 1050 టీఐ గ్రాఫిక్సు కార్డు. కొత్త ఆటలకు అది చాలడం లేదు. "కార్డొక్కటి మారిస్తె చాలు నాయినా" అంటాడు మా అబ్బాయి. వాడి కళాశాల రుసుము కట్టవలసిన ఏడాదిలో ఆ "ఒక్కటి" ఎంతవరకు నిజమో తేల్చుకోవలసి వచ్చింది.

మా వైపు రైతు కాలిన మోటారుకు వైండింగు చేయించే ముందు బోరులో నీళ్ళెన్ని ఉన్నాయో చూసుకుంటాడు. నీళ్ళు అడుగంటిన బోరుకు ఎంత పెద్ద మోటారు బిగించి ఏం లాభం? ఇక్కడ ప్రాసెసరే బోరు. నాలుగు కోర్ల ఆ ప్రాసెసరు నేటి ఆటల్లో పెద్ద కార్డుకు సరిపడా పని అందించలేదు. పోనీ ప్రాసెసరునే మారుద్దామంటే, 2017 చివర వచ్చిన ఎనిమిదో తరానిదీ 1151 సాకెటే అయినా, మా మదర్‌బోర్డు దానిని అంగీకరించదు. మా పాత కార్డు బోర్డునుంచి అందే 75 వాట్లతోనే సరిపెట్టుకుంటుంది. పెద్ద కార్డంటే పవర్ సప్లై కూడా మార్చాలి. విండోస్ 10కి సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14న ముగిసింది. విండోస్ 11 జాబితాలో మా ప్రాసెసరుకు చోటు లేదు. ఒక్క కార్డుతో మొదలైన లెక్క మొత్తం కంప్యూటరు దగ్గర తేలింది.

సికిందరాబాదు చెనాయ్ ట్రేడ్ సెంటరునుంచి ఒక ఎస్సెస్డీ మాత్రం తెచ్చి, లైనక్సు వేశాను. రేపు కొత్త యంత్రం కొన్నా అది అందులోకి మారుతుంది. పాత ఆటలు చాలావరకు నడుస్తున్నాయి. అబ్బాయి ముఖం ఇంకా విప్పారలేదు. అయినా, పెట్టే రూపాయి ఈ యంత్రంతోనే పోతుందా, తరువాతి దాని వెంట వస్తుందా అన్నదే నాకు దొరికిన కొలత. కొత్తదాని మాట రుసుము కట్టిన తరువాత.