ఈల వూదే ముందు క్యాలెండరు చూసుకోండి

"డాక్టర్ సాబ్, ఆదివారం ఖాళీయేనా?"

బుధవారం రాత్రి భోజనాల వేళకు మా యింట్లో ఫోను మోగుతుంది. మ్యాచులకు రిఫరీలను కుదిర్చే పాతబస్తీ పెద్దమనిషి పలకరింపు అది. నేను ప్రభుత్వ డాక్టర్ని. వయసు యాభై నాలుగు. ఆదివారాలు శేరిలింగంపల్లి, గచ్చిబౌలి చుట్టుపక్కల గ్రౌండ్లలో ఫుట్‌బాల్ మ్యాచులకు ఈల వూదుతాను. ఐటీ కంపెనీల కుర్రాళ్ళు, కాలేజీ పిల్లలు సరదాగా ఆడుకునే ఆటలు. వచ్చే డబ్బు పెట్రోలుకు సరిపోతుంది. అయినా ఆ గొంతు వినగానే "ఖాళీయే భాయ్" అనేవాణ్ణి. లేదంటే మళ్ళీ పిలవరేమోనని భయం.

"రోగులకు విశ్రాంతి తీసుకోమని చీటీ రాస్తారు. మీకెవరు రాస్తారు?" అనేది మా ఆవిడ. నవ్వి వూరుకునేవాణ్ణి.

ఆ నవ్వు ఎంత పొరబాటో ఒక మే నెలలో తెలిసింది. శనివారం రాత్రి క్యాజువాలిటీ డ్యూటీ. తెల్లవార్లూ కునుకు లేదు. ఆదివారం పొద్దున ఏడింటికో మ్యాచి, తొమ్మిదింటికి మరొకటి. రెండింటికీ ముందే ఒప్పుకున్నాను. రెండో ఆటలో బంతి కోసం ఎగిరిన యిద్దరు కుర్రాళ్ళ తలలు ఢీకొన్నాయి. ఒకడు కాసేపు కింద పడివుండి లేచాడు. "ఏం ఫరవాలేదు సార్" అన్నాడు. రక్తం లేదు. నేను ఆట సాగించాను.

పది నిమిషాల తర్వాత వాడు నా దగ్గరకొచ్చి "స్కోరెంత సార్?" అన్నాడు. చెప్పాను. కాసేపటికి మళ్ళీ అదే ప్రశ్న. మూడోసారి అడిగితే గాని నా బుర్ర పనిచెయ్యలేదు. తల అదిరినప్పుడు కనిపించే లక్షణమది. ఆసుపత్రిలో అయితే గుమ్మంలోనే పట్టేవాణ్ణి. వెంటనే ఆట ఆపి, వాణ్ణి స్నేహితుల తోడుతో ఆసుపత్రికి పంపాను. అదృష్టవశాత్తూ స్కానింగులో రక్తస్రావం లేదు.

సాయంత్రం వాళ్ళమ్మ ఫోన్ చేసింది. "గ్రౌండులో డాక్టరుగారే వుండటం మావాడి అదృష్టమండీ" అంది. నాకు గొంతు పెగల్లేదు. తర్వాత వున్న సంగతి చెప్పేశాను. పది నిమిషాలు ఆలస్యం చేశానని, రాత్రంతా నిద్ర లేదని. ఆవిడ కొంచెంసేపు మాట్లాడలేదు. "అయితే యికమీదట నిద్రపోయి రండి డాక్టరుగారూ" అని ఫోను పెట్టేసింది. యిన్నేళ్ళ సర్వీసులో నాకు ఎవరూ రాయని చీటీ ఆవిడ రాసింది.

మన పెద్దలు చెప్పే కథ ఒకటుంది. 1962 జకార్తా ఆసియా క్రీడల్లో మన హైదరాబాదీ కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీం తీర్చిదిద్దిన జట్టు ఫైనల్లో దక్షిణ కొరియాను 2-1తో ఓడించి బంగారు పతకం తెచ్చింది. తలకు కుట్లు పడిన జర్నైల్ సింగ్ కట్టుతోనే ఆడి గోలు కొట్టాడు. ఆ కథ వింటే యిప్పటికీ వొళ్ళు పులకరిస్తుంది. కాని ఆ సాహసాన్ని మన పిల్లలకు పాఠంగా చెప్పకండి. తల అదిరిన ఆటగాడికి బదులు మరొకరిని అదనంగా దింపే వీలును 2024లో ఫుట్‌బాల్ నియమావళిలోనే చేర్చారు.

తలకు దెబ్బ తగిలి తికమకపడిన పిల్లవాణ్ణి ఆ రోజు మళ్ళీ ఆడనివ్వకూడదు. "బాగానే వున్నా" అన్నా సరే. ఒకటి రెండు రోజులు కనిపెట్టి వుండండి. వాంతులు, పెరుగుతున్న తలనొప్పి, మగత, మాట తడబడటం, కాలూ చెయ్యీ పట్టు తప్పటం, ఫిట్స్ - వీటిలో ఏదున్నా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్ళండి. డాక్టరు సరేనన్నాకే, మెల్లమెల్లగా మళ్ళీ ఆటలోకి దింపాలి.

యిక నాలా ఆదివారం పరుగులు తీసే నడివయసు వారికి నాలుగు మాటలు.

పదిహేడు గంటలకు పైగా మేలుకుని వుంటే, బుద్ధి చురుకుదనం కొద్దిగా మద్యం పుచ్చుకున్నవాడి స్థాయికి పడిపోతుందని పరిశోధనల్లో తేలింది. అందుకే నేను నెల మొదట్లో ముందు డ్యూటీలు క్యాలెండరులో రాసుకుంటాను. నైటు డ్యూటీ మర్నాడు ఎర్రసున్నా. ఆ రోజు మ్యాచి లేదు. మిగతా రోజుల్లోనైనా రోజుకు ఒకటే.

జ్వరం వుంటే గ్రౌండు మొహం చూడకండి. వైరస్ జ్వరాల్లో గుండె కండరం వాచే ప్రమాదం వుంది. ఆ సమయంలో పరుగెత్తితే ప్రాణం మీదికి రావచ్చు.

నలభై దాటితే బి.పి., షుగరు చూపించుకోండి. ఇ.సి.జి. అవసరమో కాదో మీ డాక్టరు చెబుతారు. పరుగులో ఛాతీ బిగిసినా, నొప్పి దవడకో చేతికో పాకినా "గ్యాసులే" అనుకోకుండా అక్కడే ఆగిపోండి.

ఎండాకాలం పొద్దెక్కాక ఆట వద్దు. కృత్రిమ గడ్డి మామూలు గడ్డికంటే బాగా కాలుతుంది.

రాలేకపోతే ముందే చెప్పండి. బుధవారం "రాలేను" అంటే ఒకరికి శ్రమ. ఆదివారం పొద్దున అంటే యిరవై రెండు మందికి. జ్వరమొస్తే మాత్రం ఆదివారమైనా మొహమాటపడకండి.

మొన్న బుధవారం ఫోను మోగింది. క్యాలెండరు చూశాను. "యీ ఆదివారం కుదరదు భాయ్, శనివారం నైటు డ్యూటీ" అన్నాను. "ముందే చెప్పారు, అదే పదివేలు డాక్టర్ సాబ్. పై ఆదివారం రండి" అన్నాడాయన.

యిన్నేళ్ళూ నేను భయపడింది యీ జవాబుకా!