రంగు కింద

తుప్పు అనే మాట నేను పుస్తకాల్లో నేర్చుకున్నాను. బెల్లంపల్లిలో మా ఇంట్లో దాని పేరు జంగు. బాపు అండర్‌గ్రౌండ్ బాయిలో పంపుల ఫిట్టరు. బొగ్గు తవ్వేవాళ్ళ మీద పాటలున్నాయి, కథలున్నాయి. నీళ్ళు తోడేవాళ్ళ మీద పెద్దగా లేవు. కానీ పంపు ఆగితే ఆ నీళ్ళు మనుషులు పనిచేసేచోటికే వస్తాయి.

గని నీళ్ళు ఇనుముకి పడవు. బొగ్గు పొరల్లో ఇనుము, గంధకం కలిసిన పైరైట్ ఉంటుంది. దానికి గాలీ నీరూ తగిలితే గంధకామ్లం తయారవుతుంది. పోత ఇనుములో దాదాపు 3 శాతం కార్బన్, ఎక్కువగా గ్రాఫైట్ రేకులుగా ఉంటుంది. ఆ నీళ్ళలో ఇనుము కరిగిపోతుంది, గ్రాఫైట్ మిగిలిపోతుంది. చిత్రమేమిటంటే ఆకారం మారదు. పంపు పంపులాగే ఉంటుంది. లోపల మాత్రం సత్తువ ఉండదు. బాపు జేబులో చిన్న చాకు ఉండేది. అనుమానం వచ్చినచోట దాంతో గీసేవాడు. చాకు జారితే మంచిది. దిగితే ఆ పంపు పని అయిపోయినట్టే. "బొగ్గు తీసే బాయిల ఇనుము గూడ బొగ్గే అయితది" అనేవాడు.

తెరచాప పడవలకి అడుగున బరువు కోసం పోత ఇనుప కీల్ బిగిస్తారని చాలా ఏళ్ళ తర్వాత చదివాను. ఎక్కడి సముద్రం, ఎక్కడి బెల్లంపల్లి! కానీ జబ్బు ఒకటే. అక్కడ ఆమ్లం బదులు ఉప్పు. మందు కూడా బాపు చెప్పిందే. జంగంతా పోయి లోహం మెరిసేదాకా గీకాలి. గుంటల్లో దాగిన ఉప్పు పోయేలా మంచినీళ్ళతో కడగాలి. పూర్తిగా ఆరాలి. మళ్ళీ ఎర్రబడకముందే, కొన్ని గంటల్లోనే, మొదటి పూత పడాలి. అంచుల మీద, బోల్టు తలల మీద రంగు పలచబడుతుంది కాబట్టి అక్కడ ఇంకో చెయ్యి ఎక్కువ వెయ్యాలి.

ఇందులో రంగు డబ్బా పని చివరిది. జంగు మీద ఎంత ఖరీదైన రంగు వేసినా నిలవదు. తుప్పు తను తిన్న ఇనుము కన్నా ఎక్కువ చోటు తీసుకుంటుంది, అందుకే రంగుని లోపల్నుంచి పైకి నెడుతుంది. కింద ఉప్పు మిగిలితే అది తేమని లాక్కుని బొబ్బలు లేపుతుంది. "ఒళ్ళు కడగకుంట పట్టుచీర కడితె ఏం లాభం?" అనేది బాపు లెక్క.

గీకే పని ఎవరికీ కనబడదు. రెండు రోజులు గీకినవాడు ఏం చేశాడో చూపించలేడు. ఒక్క పూటలో రంగేసినవాడి పని మాత్రం వీధి చివర్నుంచే మెరుస్తుంది. బిల్లు కూడా తొందరగా వస్తుంది.

మొన్న వేసవిలో ఒక కాలనీలో, ఎవరో పెద్దమనిషి వస్తున్నాడని మెట్ల రెయిలింగులన్నిటికీ రంగు కొట్టారు. జంగు మీదే కొట్టారు. వానాకాలం మొదలవగానే బొబ్బలు లేచాయి. బాపుకి ఇప్పుడు డెబ్బై దాటాయి. రెండో అంతస్తులో ఉండే చుట్టాలింటికి పోతూ, ఒక బొబ్బని బొటనవేలితో నొక్కాడు. వేలు లోపలికి పోయింది. ఆ రెయిలింగుకి ఆనుకుని పిల్లలు ఆడుకుంటారు. ఎవరికి చెప్పినా "మొన్ననే పెయింటేసిన్రు గదా" అన్నారు. బాపు కొట్టుకి పోయి నైలాన్ తాడు కొనుక్కొచ్చి, ఈ గోడ నుంచి ఆ గోడకి రెయిలింగుకి అడ్డంగా కట్టాడు. తర్వాత వైర్ బ్రష్ అడిగాడు.